పోశెట్టి బోణీ, సాయవ్వ తోట

రెండువేల సంవత్సరం చివర్లో, గానుగ సీజను మొదలైన కొద్ది వారాలకు, బోధన్ వైపున్న ఒక చక్కెర ఫ్యాక్టరీ చెరకు కార్యాలయానికి నన్ను పంపారు. అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో ప్రోగ్రామర్‌ని. కాగితం మీద నా హోదా సీనియర్ ప్రోగ్రామర్. నా కింద జూనియర్లు మాత్రం ఎవరూ లేరు. మా సంస్థ రాసిచ్చిన ప్రోగ్రాములు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి బస్సెక్కి పోవడం, నయమయ్యేదాకా ఆ కార్యాలయం వాళ్ల చూపులు భరించడం నా ఉద్యోగం.

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. మా అవ్వ బీడీలు చుట్టేది. మాట్లాడుతున్నా, పోట్లాడుతున్నా, చివరికి ఏడుస్తున్నా ఆమె చేతులు ఆగేవి కావు. ఆ ఆగనితనం నాకు కాళ్లలోకి వచ్చింది. చిక్కు తెగకపోతే లేచి తిరుగుతాను. కార్యాలయంలో నన్ను కాలుగాలిన పిల్లి అనేవారు. ఆ రోజు జరిగిన దానికి ఆ పేరు బాగా సరిపోయింది.

ముందు ఆ ప్రోగ్రాం సంగతి కొంచెం చెప్పాలి. చెరకు పండించిన రైతు తన ఇష్టం వచ్చినప్పుడు కోసి ఫ్యాక్టరీకి తేలేడు. నాటిన తేదీ ప్రకారం వరుస ఉంటుంది. వరుస వచ్చినప్పుడు చెరకు కార్యాలయం కోత పర్మిట్ ఇస్తుంది. ఆ పర్మిట్ ఉంటేనే తూకానికి కాటా మీద బండి ఎక్కుతుంది. మా వాళ్లు రాసిన ప్రోగ్రాంలో దీనికి ఒక ఫారం ఉండేది. ఫారం అంటే కాగితం కాదు. కంప్యూటర్ తెర మీద ఒక్కో తోట వివరాలు, అంటే రైతు పేరు, ఊరు, విస్తీర్ణం, నాటిన తేదీ, కనబడే పేజీ. రైతుల వివరాలన్నీ లోపల డేటాబేస్‌లో ఉంటాయి. ఫారం వాటిని చూపించే కిటికీ.

ఆ పేజీ నెత్తిన ఒక రంగు పట్టీ ఉండేది. అందులోని మాట మాత్రం డేటాబేస్‌లో ఎక్కడా ఉండదు. ఒక చిన్న స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌కు రాసిపెట్టిన కొన్ని ఆదేశాలు, ఆ తోట వివరాలన్నీ చూసి, లెక్కగట్టి, అక్కడికక్కడ ఆ మాట రాస్తుంది. మామూలు తోటకు 'వరుస ప్రకారం'. రసం ఇంకా చిక్కబడని తోటకు 'పక్వం కాలేదు'. ప్రమాదవశాత్తు మంటల్లో చిక్కుకున్న తోటకు 'కాలిన తోట, వెంటనే'. కాలిన చెరకు రోజురోజుకూ ఎండిపోయి బరువు తగ్గుతుంది, రసం పులుస్తుంది. కాబట్టి దానికి వరుస వర్తించదు.

నేను వెళ్లేసరికి చెరకు కార్యాలయం కిటికీ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. రెంజల్ వైపు ఊరావిడ, పేరు సాయవ్వ. చీర కుచ్చిళ్లకు మసి అంటుకుని ఉంది. పక్కనే ఆమె తమ్ముడు లూనా బండికి ఆనుకుని, ఎండలో కళ్లు చికిలించి నిలబడ్డాడు. కొద్ది రోజుల కిందట కరెంటు తీగలు ఒకదానికొకటి రాసుకుని నిప్పు రాలి, ఆమె తోట ఆకంతా తగలబడింది. గడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ తోటకు పోయి చూసి, నిజమేనని కంప్యూటర్‌లో ఎక్కించాడు కూడా. అయినా తెర మీద సాయవ్వ పేజీ తీస్తే పట్టీ 'వరుస ప్రకారం' అంటోంది. ఆమె వరుస రావాలంటే ఇంకా నెలకు పైనే పడుతుంది.

"కాలిన సెరుకు నెల దాంక నిలువుంటదా బిడ్డా?" అని ఆమె నన్నే అడిగింది. నేను ఎవరో ఆమెకింకా తెలియదు. చేతిలో సంచీ, ముఖంలో తొందర చూసి కార్యాలయం మనిషిననుకుంది. "కోతకచ్చిన గుంపు తోట కాడనే కూసున్నది. పొద్దుగూకే దాంక సూస్తం, పర్మిట్ రాకుంటె బండి గట్టుకొని పోతమంటున్రు. వాల్లు పోతె నాకు మల్ల యాడ దొరుకుతరు?"

గుంపు అంటే సరిహద్దు అవతలి నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి, వచ్చే కోత కూలీలు. వాళ్ల పెద్దను ముకద్దం అంటారు. సీజనంతా ప్రతి గుంపూ ముందుగానే ఒకరికి మాటిచ్చి ఉంటుంది. సాయవ్వ కోసం ఆ ముకద్దం ఒక్క రోజు ఆగడమే ఎక్కువ.

పర్మిట్లు ఇచ్చే గుమాస్తా పేరు దత్తాద్రి. యాభై దాటినవాడు, శుభ్రమైన తెల్ల చొక్కా, చెవి మీద పెన్ను. అతనికి కంప్యూటర్ మీద కోపం లేదు, భయం ఉంది. ఎవరింటి దేవుడినో మొక్కినట్టు దాన్ని మర్యాదగా చూసేవాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ ఇచ్చాడు.

నేను కూర్చుని, తెర మీదున్న ఫారం మూసి, మళ్లీ తెరిచాను. తెరిచేటప్పుడు అది ఒక తోట నంబరు అడుగుతుంది. సాయవ్వ తోట నంబరు కొట్టాను. పేజీ వచ్చింది. పట్టీ ఎర్రగా, పెద్ద అక్షరాల్లో 'కాలిన తోట, వెంటనే' అంది.

దత్తాద్రి నోరు తెరిచి చూశాడు. నాకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఇంత చిన్న పనికి బస్సు ఖర్చా అనుకుంటూ మేనేజర్ గదికి పోయాను. చెరకు విభాగానికి ఆయనే పెద్ద. చెడ్డమనిషి కాదు గానీ మొండివాడు, ఆ మొండితనానికి కారణమూ ఉంది. కిందటి సీజన్‌లో కొందరు వరుస తప్పించుకోవడానికి తమ తోటలకు తామే నిప్పు పెట్టుకున్నారట. చేతిరాత చీటీల మీద వాళ్ల పని జరిగిపోయిందట. అందుకని ఈసారి పట్టీ మీద ఏ మాట ఉంటే అదే చెల్లుతుందని, చేతిరాత పర్మిట్ ఒక్కటి కూడా ఉండదని ఆయన ఉత్తర్వు వేశాడు. తెర మీద సరిగానే వస్తోందని చెబితే నాతో పాటు లేచి వచ్చాడు.

మేం వచ్చేసరికి దత్తాద్రి తన కుర్చీలో ఉన్నాడు. సాయవ్వ పేజీ తీసి చూపించాడు. పట్టీ 'వరుస ప్రకారం' అంది.

మేనేజర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"మీరు జూస్తె ఒకటి సూపిస్తది, నేను జూస్తె ఒకటి సూపిస్తది మేడం," అన్నాడు దత్తాద్రి దీనంగా. "దీనికి నా మీద ఏం కోపమో."

కోపం నాకు వచ్చింది. ఫారం మూసి, తెరిచి, నంబరు కొట్టాను. 'కాలిన తోట, వెంటనే'. మేనేజర్ గదిలో ఇంకో కంప్యూటర్ ఉంటే అక్కడికి పోయి తీశాను. అక్కడా 'కాలిన తోట, వెంటనే'. ఆ మాట ఉన్నప్పుడే ప్రింట్ కొట్టేద్దామన్నాను. మేనేజర్ ఒప్పుకోలేదు. ఒకే తోటకు పొద్దున్నుంచి రెండు మాటలు చెప్పిన మిషన్‌ను నమ్మి తాను సంతకం ఎలా పెట్టాలని అడిగాడు. ఏది నిజమో కాదు, ఎందుకు మారుతోందో చెప్పమన్నాడు. ఆయన అన్నది న్యాయమే. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

స్క్రిప్ట్ తెరిచి చదివాను. దాన్ని రాసినతను మా సంస్థలో నాకంటే ముందు పనిచేసి, అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. చేయి తిరిగినవాడే. ఇన్‌స్పెక్టర్ 'కాలింది' అని ఎక్కిస్తే ఫలానా మాట, రసం పలచగా ఉంటే ఫలానా మాట, ఏదీ కాకపోతే 'వరుస ప్రకారం'. ఎక్కడా తప్పు లేదు. రెండు యంత్రాల మధ్య తీగ చూశాను. రెండింటిలో ఉన్నది ఒకే డేటానా కాదా అని పోల్చాను. ఒకటే. సాయవ్వ పేజీలో పేరు, ఊరు, నాటిన తేదీ ఏ యంత్రంలో ఎవరు తీసినా సరిగానే వస్తున్నాయి. నెత్తిన ఉన్న ఆ ఒక్క పట్టీయే మాట మారుస్తోంది.

ఈలోగా దత్తాద్రి పక్క బల్ల మీద నమోదు పనేదో చేసుకుంటూ, రైతులు అడిగిన వాటికి జవాబులిస్తున్నాడు. "మేడం, గిది మొక్క తోటనా, మొడెమా?" అని ఒకసారి నన్ను అడిగాడు. ఫోను తీగ తగిలించే మోడెం గురించి అనుకుని, అది కంప్యూటర్ వెనకాల ఉందని చెప్పాను. కిటికీ దగ్గర రైతులు గొల్లున నవ్వారు. ఒకసారి కోసిన మొదళ్ల నుంచి వచ్చే రెండో పంటను వాళ్లు మొడెం అంటారని నాకు ఆ రోజే తెలిసింది. సాయవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె ఆకాశం వైపు చూసి, పొద్దు ఎక్కడుందో తమ్ముణ్ని అడిగింది.

నేను లేచాను. వరండాలో అటూ ఇటూ తిరిగాను. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు గేటు దాకా బారులు తీరి ఉన్నాయి. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ మడ్డి పులిసిన వాసన గొంతులో పట్టుకుంది. డ్రైవర్లు బళ్ల కింద బట్ట పరుచుకుని నిద్రపోతున్నారు. లోకంలో నాకొక్కదానికే ఊపిరాడనట్టు ఉంది. సాయవ్వ నా వెంట వచ్చి, పిట్టగోడ మీద కూర్చుని, తన పక్కన అరచేత్తో తట్టింది.

"జర కూసో బిడ్డా. నువ్వు గట్ల తిరుగుతుంటె నాకు గుండె దడదడ అంటున్నది."

కూర్చోలేదు. ఎలా కూర్చుంటాను? ఆమె నా ముఖంలో తన తోట కోసం వెతుకుతోంది, నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఎందుకో చెప్పలేని సరైన జవాబు ఎవరికీ పనికిరాదని ఆ పిట్టగోడ దగ్గర బాగా అర్థమైంది. లోపలికి పోయి, పొద్దున్నుంచి ఏమేం చేశారో చెప్పమని దత్తాద్రిని మళ్లీ అడిగాను. అతను ఓపిగ్గా, అప్పటికి ఎన్నోసారో, అదే చెప్పాడు. రైతు వచ్చాడు, తోట నంబరు అడిగాను, వెతుకులో కొట్టాను, పేజీ వచ్చింది, పట్టీ చూశాను. వెతుకు అంటే ఫారం కింది భాగంలో ఉండే చిన్న గడి. అక్కడ నంబరు కొడితే ఫారం మూయకుండానే ఇంకో తోట పేజీకి పోవచ్చు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక కరెంటు పోయింది. ఫ్యాక్టరీకి సొంత కరెంటు ఉంది గానీ, చెరకు కార్యాలయం గేటు బయట ఉంది కాబట్టి ఊరి లైను మీద ఆధారపడేది. బ్యాటరీ కాసేపు కీచుకీచుమని, అదీ చల్లబడింది. తెరలన్నీ నల్లబడ్డాయి. సాయవ్వ తమ్ముడు తల పట్టుకున్నాడు. కరెంటు వచ్చేదాకా నేను చేయగలిగింది ఏమీ లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ రోజు మొదటిసారి కదలకుండా నిలబడింది అప్పుడే.

కరెంటు వచ్చింది. దత్తాద్రి కంప్యూటర్ ఆన్ చేశాడు. అది లేస్తున్నంతసేపు చెప్పులు విడిచి, డ్రాయర్ లోంచి అగరుబత్తి తీసి వెలిగించి, తెర ముందు మూడు చుట్లు తిప్పి, కిటికీ సందులో గుచ్చాడు. ఫారం తెరిచాడు. అది తోట నంబరు అడిగింది. అతను నంబరు కొట్టాడు. అది సాయవ్వ తోట నంబరు కాదు. తెర మీద రుద్రూర్ వైపు రైతు పోశెట్టి పేజీ వచ్చింది. దత్తాద్రి దానికి దండం పెట్టుకున్నాడు. అప్పుడు కింద వెతుకులో సాయవ్వ నంబరు కొట్టాడు. పేరు మారింది, ఊరు మారింది, నాటిన తేదీ మారింది. పట్టీ మారలేదు.

"ఈ పోశెట్టి ఎవరు?" అని అరిచినంత పని చేశాను.

దత్తాద్రి బెదిరిపోయాడు. "బోణి, మేడం. కంప్యూటర్లు పెట్టిన ఏడు మొదటి పర్మిట్ పోశెట్టిదే. ఆ సీజన్ల ఒక్క దినం గూడ గానుగ ఆగలే. గప్పటి సంది రోజు ఆయన పేజీతోనే తెరుస్త. మంచి చెయ్యి. పొద్దుగూకే దాంక మల్ల మూయ."

ఇందాక ఇదెందుకు చెప్పలేదని అడిగాను. అతని ముఖంలో కనిపించింది నిజమైన ఆశ్చర్యం.

"మీరు పని అడిగిన్రు గద మేడం. బోణి పనెట్లయితది?"

అంతా ఒక్కసారిగా విడిపోయింది. పట్టీ మీద మాట రాసే స్క్రిప్ట్ ఫారం తెరుచుకునే క్షణంలో మాత్రమే నడిచేలా పెట్టి ఉంది. అప్పుడు ఎవరి పేజీ ముందుంటే వాళ్ల తోటకు తగిన మాట రాసి, నిద్రపోతుంది. ఆ తర్వాత వెతుకు గడితో ఎన్ని తోటలు మారినా దానికి తెలియదు. పేరు, ఊరు లాంటివి నేరుగా డేటాబేస్ నుంచి వస్తాయి కాబట్టి వాటంతట అవే మారుతాయి. పోశెట్టిది మామూలు తోట, మాట 'వరుస ప్రకారం'. చాలా మంది రైతులకూ అదే సరైన మాట, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నేనేమో ఎప్పుడూ మూసి, తెరిచి, సాయవ్వ నంబరే కొట్టాను. నేను లేచిపోగానే దత్తాద్రి, మేడం దుకాణం మూసేసింది కదా అని, మళ్లీ పోశెట్టితో బోణీ చేశాడు. స్క్రిప్ట్ ఏం చెబుతుందో నేను అక్షరం అక్షరం చదివాను. ఎప్పుడు చెబుతుందో చూడలేదు.

సవరణ చిన్నదే. ఆ స్క్రిప్ట్‌ను ఫారం తెరుచుకునే చోటు నుంచి తీసి, పేజీ మారిన ప్రతిసారీ నడిచే చోట పెట్టాను. మేనేజర్‌ను పిలిచి, దత్తాద్రి చేతనే పోశెట్టి పేజీ తీయించి, అక్కడి నుంచి సాయవ్వ పేజీకి పోనిచ్చాను. పట్టీ ఎర్రబడింది. వెనక్కి పోశెట్టికి పోతే 'వరుస ప్రకారం'. మళ్లీ సాయవ్వకు వస్తే ఎరుపు. మేనేజర్ తానే ఇంకో నాలుగైదు నంబర్లు కొట్టి చూశాడు. అందులో ఒకటి పచ్చి తోట, పట్టీ 'పక్వం కాలేదు' అంది. దానికి వారం కిందటే పర్మిట్ ఇచ్చారు. ఆయన ఆ నంబరు కాగితం మీద రాసుకుని, సాయవ్వ పర్మిట్ మీద సంతకం పెట్టాడు.

తర్వాత, బోణీలు, అగరుబత్తులు ఇకమీదట బంద్ అని దత్తాద్రితో గట్టిగా అన్నాడు. నేను అడ్డుపడ్డాను. రైతుల్లో ఎవరి పేజీ ముందు తీసినా సరిగ్గా చెప్పాల్సిన బాధ్యత ప్రోగ్రాందని, తప్పు మా సంస్థదని, రిపోర్టులోనూ అదే రాస్తానని చెప్పాను. అలాగే రాశాను. దాని గురించి మా యజమాని నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

సాయవ్వ కిటికీ అవతల నుంచి అంతా చూస్తోంది. సంగతేమిటని అడిగితే, వీలైనంత తేలికగా చెప్పాను. ఆమె దత్తాద్రి వైపు తిరిగింది.

"అంటె పొద్దటి సంది నా పేరు సదువుకుంట పోశెట్టి తోట సూస్తున్నవు."

దత్తాద్రి తల దించుకున్నాడు. ఆమె అది తిట్టుగా అనలేదు. అర్థమైంది అర్థమైనట్టు చెప్పింది. పర్మిట్ మడిచి రవికలో పెట్టుకుని, లూనా వెనక ఎక్కి, తమ్ముడి వీపు మీద ఒకటి చరిచింది. పొద్దు ఇంకా చెట్ల పైనే ఉంది.

గుంపు ఆగింది. తోట కోశారు. పట్టీ మీద మాట ఆ కొద్ది రోజుల ముందే సరిగ్గా వచ్చి ఉంటే దక్కే బరువు మాత్రం ఆమెకు దక్కలేదు. ఎండిన దాన్ని ఏ సవరణా తిరిగి తేలేదు. ఈ సంగతి తర్వాత ఇంకో పని మీద వెళ్లినప్పుడు దత్తాద్రే చెప్పాడు. అప్పుడు కూడా తెర మీద ముందుగా పోశెట్టి పేజీయే ఉంది.

నేను ఉద్యోగం విరమించేదాకా ఇంకా చాలా ఫారాలు బాగుచేశాను. ఆ రోజు తర్వాత ఎవరినీ ఏం పని చేశారని మాత్రమే అడిగి ఊరుకోలేదు. పొద్దున వచ్చి చెప్పులు విడిచిన దగ్గర్నుంచి పక్కన నిలబడి చూశాను. తెర మీద కనబడే మాట నిజమా అబద్ధమా అని ముందు అడగకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఆ రోజు పట్టీ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అది చెప్పిన ప్రతి మాటా నిజమే, పోశెట్టి తోట గురించి.